గోధుమక్క కాటు

"ఈ నాలుగింట్లో దేని విషం ఎక్కువ?"

డౌటమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది. అంతకన్నా తేలికైన ప్రశ్న ఉండదనుకుంది.

"ఎవరికండీ?" అంది అసిస్టెంటు.

"ఎవరికి ఏంటమ్మా?"

"ఎలక్కా, కీచురాయికా, మనిషికా?"

డౌటమ్మ కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది. "సరే, ఎలక్కే అనుకో."

"బొట్టుకి బొట్టు పోలిస్తేనా? కాటుకి కాటు పోలిస్తేనా?"

గోడకి ఆనుకుని నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ పకపకా నవ్వాడు. "అడగండి మేడమ్, అడగండి. పొద్దున్నుంచీ నాకూ ఇదే వరస. బుర్ర వేడెక్కిపోయి, ఆఖరికి గోడమీద చార్టునే నమ్ముకున్నాను."

అది విషాలకి విరుగుడు మందులు తయారుచేసే సంస్థలో సాలీళ్ల గది. కిటికీలు లేవు. రెండు గోడల నిండా అరలు, అరల నిండా మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కో డబ్బాలో చిందరవందరగా అల్లిన గూడు, అందులో తలకిందులుగా వేలాడుతూ ఒక్కో ఆడ సాలీడు. జతకట్టాక మగదాన్ని తినేస్తాయన్న అపవాదు వల్ల వీటికి వితంతు సాలీళ్లన్న పేరొచ్చింది. వాటిలో నాలుగు జాతుల విషాన్ని పక్కపక్కన పెట్టి, ఏది ఎంత బలమైనదో తేల్చే పని ఇక్కడ నడుస్తోంది. అసలు పేర్లకి నోరు తిరక్క ఇక్కడివాళ్లు వాటిని నల్లక్క, ఎర్రవీపక్క, చుక్కలక్క, గోధుమక్క అని పిలుచుకుంటారు.

ఆ పని నడిపించిన పెద్దాయన్ని అందరూ సాలీళ్ల సారు అనేవారు. నిన్న మధ్యాహ్నం ఆయన్ని ఈ గదిలోంచి స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు. ఆస్పత్రి గేటు దాటేలోపే ప్రాణం పోయింది. కుడిచేతి చూపుడువేలి మీద కాటు ఉంది. నేలమీద పడున్న రబ్బరు గ్లౌజులో, వేలి మడతలో ముడుచుకుని గోధుమక్క దొరికింది. అది మాత్రం నిక్షేపంగా ఉంది.

సారు భార్య రాత్రే డౌటమ్మకి ఫోన్ చేసింది. "ఇరవై ఏళ్లు సాలీళ్లతో కాపరం చేసిన మనిషండీ. అలా కరిపించుకుని పోయే రకం కాదు. ఎవరో పెట్టారు. ఎవరు పెట్టారో నాకు చెప్పండి, చాలు."

డౌటమ్మకి ఆ పేరు పోలీసు ఉద్యోగంలో వచ్చింది. ఏ కేసు ఇచ్చినా "నాదో డౌటు" అంటూ మొదలుపెట్టేది. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్నా పేరు ఆమెని వదల్లేదు. ఇప్పుడు గోడకి ఆనుకుని నవ్వుతున్న ఇన్‌స్పెక్టర్ ఒకప్పుడు ఆమె కిందే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్న సంగతి ఒప్పుకోవడం అతనికి ఇష్టం ఉండదు. అందుకే 'మేడమ్' అనే మాటని ప్రతిసారీ కాస్త సాగదీస్తాడు.

"చార్టు చూడండి మేడమ్," అన్నాడతను. "వరసలో మొట్టమొదటిది గోధుమ రంగుది. కింద రాసింది కూడా చదవండి. అతి తక్కువ మోతాదుతో ఎలకని చంపేది అదేనట. ఈ అమ్మాయి చూసేది ఏ అర? గోధుమ రంగువే. మొన్న సారుతో గొడవపడిందెవరు? ఈ అమ్మాయే. పైఅంతస్తు దాకా వినబడిందట. ఇంకేం కావాలి?"

అసిస్టెంటుకి ముప్పై ఏళ్లుంటాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది. అయినా మాట తడబడలేదు. "గొడవ ఆ చార్టు గురించేనండీ. నేను తయారుచేశాను. గోడకి పెట్టొద్దన్నారు సారు. నేను వినలేదు, నిన్న పొద్దున్నే అతికించేశాను."

"ఎందుకు వద్దన్నాడు?" అంది డౌటమ్మ.

"చూసినవాళ్లు పొరబడతారని. గోధుమక్కని చూసి పారిపోతారు, నల్లక్కని చేత్తో పట్టుకుంటారు, రెండో వరస కూడా కట్టేదాకా ఆగు అన్నారు."

"రెండో వరసేంటి?"

"బొట్టుకి బొట్టు పోలిస్తే గోధుమక్కే మొదటిదండీ. కానీ అది ఉత్త పిసినారి. కరిచినా విషం అంతగా వదలదు. కాటుకి కాటు చూస్తే అదే ఆఖరు. మామూలుగా దాని కాటుకి వేలు మండుతుంది, కాస్త ఎర్రబడుతుంది. చాలామందికి అంతే."

"మరి కీచురాయి గోలేంటి?"

"పురుగుల మీద పనిచేసే విషం వేరు, మనలాంటి వాటి మీద పనిచేసేది వేరు. రెండూ ఒకే బొట్టులో ఉంటాయి. కీచురాళ్ల మీద పరీక్ష చేస్తే వరస మొత్తం తారుమారైపోతుంది."

"మనిషి మీద?"

"మనిషి మీద పరీక్ష చెయ్యం కదండీ."

డౌటమ్మ చార్టు వంక చూసింది, డబ్బాల వంక చూసింది, ఇన్‌స్పెక్టర్ వంక చూసింది. ఒక్క ప్రశ్నకి నాలుగు జవాబులు. నాలుగూ నిజమే. ఇలాంటి కేసు తనకి ఎప్పుడూ తగల్లేదు. అబద్ధాలు చెబితే పట్టుకోవచ్చు. నిజాలే ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే ఏం చేస్తాం?

ఆమె గోధుమక్క అర దగ్గరికి వెళ్లింది. పైవరసలో మూడో డబ్బా ఖాళీగా ఉంది. గూడు ఒక పక్కకి చిరిగి ఉంది. మూత మాత్రం గట్టిగా బిగించి ఉంది.

"ఈ మూత ఎవరైనా ముట్టుకున్నారా?"

"వేలిముద్రలు తీశాం. ఏమీ లేవు, తుడిచేశారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ముట్టుకునే ముందు ముద్రలు తియ్యాలని తెలియనంత కొత్తవాణ్ణి కాదు మేడమ్."

"సాలీడు తనంతట తను బయటికొచ్చి మూత బిగించుకోదుగా."

"నేనన్నదీ అదే. ఇది ప్రమాదం కాదు. ఈ ఒక్క విషయంలో మీకూ నాకూ పేచీ లేదు."

"మూత తీసినా గోధుమక్క బయటికి రాదండీ," అంది అసిస్టెంటు. "చాలా బద్ధకస్తురాలు. బ్రష్షుతో తోస్తే గాని కదలదు."

డౌటమ్మ గ్లౌజు చూసింది. మోచేతి దాకా వచ్చే మందపాటి రబ్బరు గ్లౌజు. సారు గ్లౌజులు తలుపు పక్క కొక్కేనికి వేలాడతాయట. పైన రంగు పెన్నుతో ఆయన పేరుంది. ఎవరి గ్లౌజో తెలియక పెట్టే అవకాశం లేదు.

"నాదో డౌటు," అంది.

ఇన్‌స్పెక్టర్ కళ్లు మూసుకుని తెరిచాడు. "రానే వచ్చింది."

"ఈ అమ్మాయికి సారుని చంపాలని ఉందనుకో. పక్క అరలోనే నల్లక్క ఉంది, ఎర్రవీపక్క ఉంది. ఒక్క కాటుతో మనిషిని మంచం పట్టించేవి అవి. వాటిని వదిలేసి ఏరికోరి ఆ పిసినారి దాన్ని ఎందుకు పెడుతుంది?"

"చార్టులో మొదటిది కాబట్టి."

"చార్టు తయారుచేసిన మనిషికి చార్టు అర్థం కాదా?"

"మీలాంటివాళ్లు సరిగ్గా ఇలాగే ఆలోచిస్తారని పెట్టింది మేడమ్. తెలివైన నేరస్తులు అంతే." ఇన్‌స్పెక్టర్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "పైగా మీ లెక్క ప్రకారం ఆ కాటుకి మనిషి చావకూడదు. చచ్చాడుగా! నా కళ్లముందు శవం ఉంది. శవానికి మీ బొట్టూ కాటూ తెలీవు."

అదే ముక్క ఒకవైపు నుంచి చూస్తే ఈ అమ్మాయి నేరం చేసిందంటోంది, ఇంకోవైపు నుంచి చూస్తే చెయ్యలేదంటోంది. అతను చెప్పింది కొట్టిపారేసేలా కూడా లేదు. శవం ఉన్నమాట నిజం.

"ఎంతసేపట్లో పోయాడు?"

"కాటు పడ్డాక అరగంట కూడా లేడు. అది కూడా భార్య వచ్చి విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చింది కాబట్టి. లేకపోతే ఇంకా ముందే పోయేవాడు."

"అదే నాకు అర్థం కావట్లేదండీ," అంది అసిస్టెంటు. "నల్లక్క కరిచినా అరగంటలో ఎవరూ పోరు. గంట గడిచాక పొట్ట రాయిలా బిగుసుకుంటుంది. చెమటలు కారిపోతాయి. ఒళ్లంతా నొప్పులు. రెండు మూడు రోజులు నరకం. కానీ ప్రాణాలు పోవడం చాలా అరుదు. సారుని స్ట్రెచర్ మీద చూశాను. ముఖం గుర్తుపట్టలేనంత ఉబ్బిపోయింది. మెడ నిండా దద్దుర్లు. ఊపిరాడలేదట. సాలీడు కాటు అలా ఉండదు."

"ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేనేం ఊరికే కూచోలేదు. కిందటేడు ఇక్కడ ఊడ్చే ఆవిడని నల్లది కరిచింది. ఆవిడకీ ముఖం ఉబ్బింది, ఆవిడకీ ఊపిరాడలేదు. చావు తప్పి బయటపడింది. ఆస్పత్రిలో రాసింది సాలీడు కాటనే."

అసిస్టెంటు తల అడ్డంగా ఊపింది. "సారు ఒప్పుకోలేదు. అది కాటు లక్షణం కాదు, వేరే ఏదో ఉంది అనేవారు. ఏడాది పాటు దాని వెనకే పడ్డారు. ఈ సోమవారం డైరెక్టర్ గారితో మాట్లాడతానన్నారు."

"ఏం మాట్లాడతానన్నాడు?"

"నాకు చెప్పలేదండీ. నోటితో చెబితే చాడీ అవుతుంది, సోమవారం దాకా ఆగు అన్నారు."

"చూశారా, కథలు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

డౌటమ్మ అతన్ని పట్టించుకోలేదు. తలుపు పక్కన గోడకి బిగించిన ఎర్ర పెట్టె తెరిచింది. సాలీడు కరిస్తే ఇవ్వాల్సిన విరుగుడు అందులో ఉంటుంది. పైన డాక్టరుకి ఫోన్ చెయ్యమని పెద్ద అక్షరాలతో నంబరు రాసి ఉంది. నిన్న వాడిన సీసా పోలీసులు తీసుకెళ్లారు. రెండోది ఇంకా ఉంది. సీసా మీద మందు గుర్రపు రక్తం నుంచి తీసిందని చిన్న అక్షరాల్లో ఉంది.

"ఈ మందు అన్ని రకాలకీ ఒకటేనా?"

"ఒకటేనండీ. నాలుగు అక్కల విషానికీ పనిచేస్తుంది. గుర్రానికి కొద్దికొద్దిగా విషం ఎక్కించి దాని రక్తంలోంచి తీస్తారు."

"ఈ గది తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"సారు దగ్గరొకటి, నా దగ్గరొకటి. మా డాక్టరు గారి దగ్గరొకటి, ఈ కిట్ చూసుకోవడానికి. నిన్న పొద్దున కూడా వచ్చి పాత సీసాలు మార్చి వెళ్లారు."

"నువ్వు ఉన్నావా అప్పుడు?"

"ఎలకల గదిలో ఉన్నాను. కిటికీలోంచి పలకరించారు."

"డాక్టర్లు మందు పెట్టడానికొస్తారు మేడమ్, సాలీళ్లు పెట్టడానిక్కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అయిందా? ఇక ఈ అమ్మాయిని స్టేషన్‌కి తీసుకెళ్లొచ్చా?"

"ఇంకొక్క ముక్క. అమ్మాయీ, ఈ మధ్య సారులో ఏదైనా మార్పు చూశావా? ఎంత చిన్నదైనా సరే."

అసిస్టెంటు ఆలోచించింది. "మార్పంటే... నెల కిందట డాక్టరు గారు మా అందరికీ చర్మపరీక్ష చేశారు. ముంజేతి లోపలివైపు చిన్న సూదితో గుచ్చారు. సారే పట్టుబట్టి పెట్టించారు. మాకెవరికీ ఏమీ కాలేదు. సారు మాత్రం ఆ తరవాత రెండు రోజులు నిండు చేతుల చొక్కా వేసుకొచ్చారు. ఈ గదిలో ఉక్కకి ఆయన ఎప్పుడూ పొట్టి చేతులవే వేసుకునేవారు. ఏంటి సార్ పెళ్లికొడుకులా ఉన్నారు అంటే నవ్వి ఊరుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ ఆవులించాడు. "చొక్కా చేతులు కూడా సాక్ష్యమేనా? బాగుంది."

అతను ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. డౌటమ్మ సాలీళ్ల మధ్య ఒంటరిగా నిలబడింది. చిరాకేసింది. ఉబ్బిన ముఖం ఒకవైపు లాగుతోంది. పిసినారి సాలీడు ఇంకోవైపు లాగుతోంది. నిండు చేతుల చొక్కా ఎటు లాగుతోందో కూడా తెలియట్లేదు. ఒక్కటి మాత్రం మనసులో గుచ్చుకుంటోంది. గోధుమక్కని ఎంచుకున్నవాళ్లు అది చంపుతుందని ఎంచుకున్నారా? లేక చచ్చాక దాని మీదికి నెట్టొచ్చని ఎంచుకున్నారా?

* * *

సారు ఇల్లు రెండో అంతస్తులో ఉంది. తలుపు తీసింది ఆయన భార్యే. స్కూల్లో లెక్కల టీచరు. ముందుగదిలో బల్ల మీద సగం దిద్దిన పరీక్ష పేపర్లు అలాగే ఉన్నాయి. ఎవరో చిన్న కాగితం అడ్డం పెట్టి ఫ్యాన్ గాలికి ఎగరకుండా పైన గ్లాసు పెట్టారు.

"మీరేనా? రండి," అంది. ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. నిద్రలేని ముఖం. "లోపల మా తమ్ముడున్నాడు. రాత్రి నుంచీ నన్ను వదిలి కదల్లేదు. మంచినీళ్లు తాగుతారా?"

"వద్దమ్మా. కూచోండి. నిన్న జరిగింది మొదటినుంచీ చెప్పండి. నిదానంగా."

ఆమె కుర్చీ అంచున కూచుంది. "శనివారం మాకు ఒంటిపూట. స్కూలు వదిలాక అటే వెళ్లి ఆయన్ని తీసుకుని ఇంటికొస్తాను. ప్రతి శనివారం అంతే. నేను వెళ్లేసరికి స్టూలు మీద కూచుని వేలు పట్టుకునున్నారు. నవ్వుతున్నారు కూడా. 'గోధుమక్క ముద్దు పెట్టింది, కంగారు పడకు, సాయంత్రానికి తగ్గిపోతుంది' అన్నారు."

"మీరేమన్నారు?"

"నేను తల ఎత్తితే ఎదురుగా చార్టు. పైన మొదటి పేరే అది. తక్కువ మోతాదుతో చంపేది అని రాసుంది. నాకు కాళ్లు చేతులు ఆడలేదండీ. ఇదే అన్నిటికన్నా పెద్దదని ఇక్కడ రాసుంటే నవ్వుతారేంటి అని అరిచాను. 'అదంతా వేరే లెక్క' అన్నారు. ఎప్పుడూ అంతే, తన ఒంటి సంగతి వచ్చేసరికి వేళాకోళం. ఎర్రపెట్టె తెరిచి దాని మీదున్న నంబరుకి ఫోన్ చేశాను."

"డాక్టరుకి."

"మా తమ్ముడికేనండీ. వాళ్ల సంస్థ డాక్టరు వాడేగా. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా మావారే."

డౌటమ్మ వీపు నిటారుగా అయింది. ముఖంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. "తమ్ముడేమన్నాడు?"

"'నువ్వేం భయపడకక్కా, ఆలస్యం చెయ్యకు, వెంటనే ఇచ్చెయ్' అన్నాడు. ఇంజెక్షన్ ఇవ్వడం నాకు వచ్చు. రెండేళ్ల కిందట ఆయనే ఇంట్లో నారింజపండు మీద నేర్పించారు. సిరంజిలోకి ఎక్కించుకున్నాను. ఆయన చూసి 'వద్దు, వద్దు' అన్నారు. సూదంటే చిన్నపిల్లాడి భయం ఆయనకి. అటు తిరిగి కుళాయి కింద వేలు పెట్టుకున్నారు. నేను వెనకనుంచి వెళ్లి భుజానికి పొడిచేశాను."

"వద్దు అని మాత్రమే అన్నారా? ఇంకేమన్నా అన్నారా? ఆయన మాటల్లోనే చెప్పండి."

"'వద్దు, నాకది పడదు' అన్నారు."

డౌటమ్మ కుర్చీ ముందుకి జరుపుకుంది.

"సూది పడదన్నారని అనుకున్నారు మీరు," అంది డౌటమ్మ మెల్లిగా.

"అవును. ఎప్పుడూ ఆ మాటే అంటారుగా. పెళ్లిళ్లు పడవు, పట్టుబట్టలు పడవు, సూదులు పడవు. నచ్చనిదల్లా పడదు ఆయనకి."

"పొడిచాక?"

"కాసేపటికి గోక్కోవడం మొదలుపెట్టారు. ముఖం ఉబ్బిపోతూ వచ్చింది. ఏదో చెప్పబోయారు, గొంతు రాలేదు. విషం ఎక్కేసింది, నేను ఆలస్యం చేశాను అనుకున్నాను. ఇంకో పది నిమిషాలు ముందెళ్లుంటే..."



డౌటమ్మ తలలో పొద్దున్నుంచీ గిరగిరా తిరుగుతున్నవన్నీ ఒక్కొక్కటే వచ్చి కూచున్నాయి. కిందటేడు ఊడ్చే ఆవిడకీ కాటు పడ్డాక ఇచ్చింది ఇదే మందు. పడుతుందో లేదో చూడకుండా ఇచ్చింది ఈ సంస్థ డాక్టరే అయుండాలి. ముఖం ఉబ్బింది కాటువల్ల కాదు. గుర్రపు మందు కొందరికి పడదు. పడనివాళ్లకి అది విషం కన్నా పెద్ద విషం. అందుకే సారు అందరికీ చర్మపరీక్ష పెట్టించాడు. తన చేతికే దద్దురు తేలింది. పొంగిన చెయ్యి ఇంట్లో కనబడితే సాలీళ్ల పని మానిపిస్తారని నిండు చేతుల చొక్కా కింద దాచుకున్నాడు.

ఆ పరీక్ష చేసినవాడికి మాత్రం దాచలేడు. గ్లౌజులో గోధుమక్కని పెట్టింది అది కరిచి చంపుతుందని కాదు, కాటు పేరుతో ఈ మందు ఎక్కించడానికి.

"నెల కిందట రెండు రోజులు ఆయన ఇంట్లో కూడా నిండు చేతుల చొక్కాతోనే తిరిగారా?"

టీచరమ్మ తెల్లబోయి చూసింది. "మీకెలా తెలుసు? చలేస్తోందన్నారు."

"మీ తమ్ముడూ ఆయనా బాగానే ఉండేవారా?"

"బావా బావమరుదులు ఒకే కంచంలో తినేవారండీ. ఈ నెల రోజులుగా ఏమొచ్చిందో, మాటల్లేవు. అడిగితే ఇద్దరూ ఆఫీసు విషయం అంటారు. మావారు ఒక్కసారి మాత్రం 'నీ తమ్ముడు ఒక మనిషిని చావు దాకా తీసుకెళ్లి సాలీడు మీద పెట్టాడు, నేను నోరు మూసుకుని కూచోలేను' అన్నారు. నేను పోట్లాడాను. మా వాడి ఉద్యోగం పోతుందండీ, డాక్టరు పట్టా కూడా పోతుంది అని ఏడ్చాను."

"ఒక్కటి గుర్తు తెచ్చుకోండమ్మా. ఇది ముఖ్యం. 'పడదు' అని ఆయన అన్నప్పుడు ఫోన్ పెట్టేశారా, ఇంకా లైన్లో ఉన్నారా?"

"లైన్లోనే ఉన్నాను. చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నా."

"తమ్ముడికి ఆ మాట చెప్పారా?"

"చెప్పాను. 'ఒరేయ్, ఆయన పడదు అంటున్నార్రా' అన్నాను."

"ఏమన్నాడు?"

"'బావ ఎప్పుడూ అంతే అక్కా, పట్టించుకోకు. ఇచ్చెయ్' అన్నాడు."

లోపలి గది తలుపు తెరుచుకుంది.

నలభై ఏళ్ల మనిషి. శుభ్రంగా గడ్డం గీసుకుని ఉన్నాడు. చేతిలో చిన్న స్టీలు ట్రే, అందులో దూది, మందు నింపిన సిరంజి. డౌటమ్మని చూసి మర్యాదగా తల వంచాడు.

"అక్కతో మాట్లాడటం అయిందాండీ? పాపం, నిన్నటినుంచీ కన్ను మూయలేదు. నిద్రకి కొంచెం మందిస్తాను. చెయ్యి చాపక్కా."

టీచరమ్మ చెయ్యి చాపి, జాకెట్టు చేతిని పైకి లాక్కుంది. చిన్నప్పటినుంచీ తను ఎత్తుకు తిరిగిన తమ్ముడు. అడిగిందే తడవు చెయ్యి చాపింది.

డౌటమ్మ లేచి ఇద్దరి మధ్యా నిలబడింది. ఎలా లేచిందో తనకే తెలీదు. "సీసా చూపిస్తారా డాక్టరు గారూ? నాకూ నిద్ర పట్టదు. పేరు రాసుకుంటాను."

"సీసా కారులో ఉండిపోయిందండీ."

"తెండి. నేను ఆగుతాను."

అతను ఆమె వంక చూశాడు. లోపలినుంచి ఎంత విన్నాడో అంచనా కట్టడం కష్టం. ముఖం మీద చిరునవ్వు అలాగే ఉంది. కళ్లు మాత్రం ఒకసారి అక్క మీదికి వెళ్లి వచ్చాయి.

"అలాగే," అన్నాడు. ట్రే బల్ల మీద, పరీక్ష పేపర్ల పక్కన పెట్టాడు. సిరంజి మాత్రం జేబులో వేసుకున్నాడు. "రెండు నిమిషాలు."

బయటికెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. మరుక్షణం బయటినుంచి గడియ పడింది. మెట్ల మీద అడుగులు గబగబా కిందికి దిగిపోయాయి.

డౌటమ్మ ఫోన్ తీసింది. ఇన్‌స్పెక్టర్ మొదటి రింగుకే ఎత్తాడు.

"ఆ అమ్మాయిని వదిలెయ్," అంది. "డాక్టరు. ఈవిడ తమ్ముడు. ఇప్పుడే కారెక్కుతున్నాడు, జేబులో సిరంజి ఉంది. మేం లోపల బందీలం."

డౌటమ్మ ఎదురుచూసిన వెక్కిరింత రాలేదు. "పోస్టుమార్టం డాక్టరు ఇప్పుడే ఫోన్ చేశాడు మేడమ్," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఈసారి ఆ మాట సాగదీయలేదు. "వేలి మీద కాటు ఉత్త గీరుడట. గొంతు లోపల వాచి మూసుకుపోయిందట. సాలీడు పని కాదంటున్నాడు. మీకే చేద్దామని ఫోన్ చేతిలో పట్టుకున్నాను. కారు నంబరు చెప్పండి."

డౌటమ్మ కిటికీ దగ్గరికి పరిగెత్తి, కింద మలుపు తిరుగుతున్న కారు నంబరు చదివింది. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగింది.

టీచరమ్మ చాపిన చెయ్యి ఇంకా అలాగే చాపి ఉంది. ఆమె ఆ చేతినే చూసుకుంటోంది.

"మేడమ్," అంది. "ఆయన పడదన్నది సూదినా? మందునా?"

ఈ ప్రశ్న తప్పించుకోవచ్చు. కాసేపు అయినా తప్పించుకోవచ్చు. పోలీసులు రానివ్వండి, అన్నీ తేలనివ్వండి అనొచ్చు. కానీ ఎవరు పెట్టారో చెప్పండి చాలు అని తనని పిలిచింది ఈ మనిషే. డౌటమ్మ వచ్చి ఆమె పక్కన కూచుని, చాపిన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మందునమ్మా," అంది.

ఆమె ఏడవలేదు. కిందనుంచి ఎవరో మెట్లెక్కుతూ, తలుపుకి బయట గడియేంటని గట్టిగా అడుగుతున్నారు. ఆమెకి అదేం వినబడుతున్నట్టు లేదు.

"వాడికి తెలుసు," అంది. "నా చేత్తోనే ఇప్పించాడు."